మొగిలవ్వ తలుపు

పురుషోత్తం రావు ఆ ఆదివారానికి పెట్టుకున్న పని చాలా చిన్నది. కోరుట్లలో ఆరు గంటల బస్సెక్కాలి, రుద్రంగిలో దిగి ఎర్రకుంటకు నడవాలి, మొగిలవ్వ తలుపు మొగిలవ్వకు ఇవ్వాలి, వచ్చేటప్పుడు వంకాయలు తేవాలి. మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి చేరుకోవచ్చని ఆయన లెక్క. ఆయన కోరుట్ల హైస్కూల్లో లెక్కల మాస్టరు. నల్లబల్ల మీద ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు.

తలుపు సంగతి ఇరవై రెండేళ్ల కిందటిది. ఎర్రకుంటకు దొర ఆయన తండ్రి అనంత్ రావు. ఆయన ఉండే గడీలో జరిగే ఒక పెళ్లికి బుచ్చన్న అనే గౌండ్లాయన కల్లు కుండలు పంపాల్సి ఉండగా, జ్వరం వచ్చి చెట్టెక్కలేకపోయాడు. జ్వరమన్న కబురు గడీకి చేరేలోపే దొర మనుషులు వచ్చి అతని ఇంటి తలుపు ఊడబెరుక్కొని పోయారు. ఎర్రకుంటలో శిక్ష అంటే అదే. వెట్టికి తప్పినవాడి ఇంట్లో ఏది బరువుగా కనిపిస్తే అది గడీకి పోయేది. ఉన్నవాడిదైతే గంగాళం, బండి చక్రం. ఏమీ లేనివాడిదైతే తలుపు. అవన్నీ గడీలో ఒక గదిలో పడేసేవారు. దానికి జప్తు కొట్టు అని పేరు. అందులో పడ్డ వస్తువును దొర వాడేవాడు కాదు, అమ్మేవాడూ కాదు. వాళ్ల దగ్గర లేకపోవడమే ఆయనకు కావలసింది.

తలుపు గడీకి వచ్చిన రోజు పురుషోత్తం రావు సెలవులకు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. చూశాడు, ఒక్క మాట అనలేదు. ఆ అనని మాట ఇరవై రెండేళ్లుగా చేపముల్లులా ఆయన గొంతులో ఉండిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లకు బుచ్చన్న తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. అతని పెండ్లాం మొగిలవ్వ తలుపు ఉండాల్సిన చోట తాటాకు తడక కట్టుకొని, కుక్కలను అదిలిస్తూ బతుకుతోంది.

ఈలోగా కాలం తిరగబడింది. జగిత్యాల చుట్టుపక్కల ఊరూరా రైతుకూలీ సంఘాలు లేచాయి. దొరలు ఒక్కొక్కరే పట్నాల దారి పట్టారు. సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నలుగురు ఒకచోట కూడితే ఠాణాలో ఐదో మనిషి సంగతి అడిగే రోజులు అవి. అనంత్ రావు జగిత్యాలలో చిన్నకొడుకు నర్సింగ్ రావు ఇంట్లో రెండేళ్లు ఊరిని తిట్టుకుంటూ బతికి, మొన్న కార్తీకంలో పోయాడు. గడీ తాళంచెవుల గుత్తి పెద్దకొడుకు చేతికి వచ్చింది. జప్తు కొట్టులోని టేకుకు, కంచుకు సిరిసిల్లలో బేరం కుదిరిందనీ, వచ్చే వారం లారీ తెస్తాననీ నర్సింగ్ రావు కబురు పెట్టాడు. ఆయన రోడ్ల కాంట్రాక్టరు. ఒట్టి చేతులతో ఎక్కడినుంచీ తిరిగి రాడు.

లారీ వచ్చేలోపు ఆ ఒక్క తలుపు ఇచ్చేయాలన్నది పురుషోత్తం రావు ఆలోచన. కానీ ఆదివారం పొద్దున చాయ్ తాగుతుంటే ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. ఒకరికి ఇచ్చి మిగతావాళ్లకు ఇవ్వకపోతే న్యాయమెట్లా అవుతుంది? అన్నీ ఇచ్చేయాలి. ఎవరివి వాళ్లు వచ్చి తీసుకోవాలంటే చాటింపు వేయించాలి. ఆ మాట భార్య లీలకు చెప్పాడు. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"మంచిపని చేస్తె చెయ్యుండ్రి. ఎవ్వలకు చెప్పకుంట చేసి రాండ్రి. మీకు ఊకుండుడు రాదు."

"చాటుకు చేస్తె దొంగతనమైతది లీలా," అన్నాడాయన.

లీలకు పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. గుడ్డసంచి చేతికిచ్చి, నల్ల వంకాయలు తెమ్మంది.

ఎర్రకుంటలో గడీకి కావలి గంగయ్య. నర్సింగ్ రావు పెట్టిన మనిషి. గడీలో చీమ చిటుక్కుమన్నా రుద్రంగి పోస్టాఫీసు నుంచి జగిత్యాలకు ఫోను చేయాలని అతనికి ఆజ్ఞ. పురుషోత్తం రావు అతనితో కొట్టు తాళం తీయించి, డప్పు దశరథాన్ని పిలిపించాడు. చెప్పాల్సిన మాటలు ఆయనే కూర్చి, రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. గడీలో ఎవరి సామాను ఉందో వాళ్లు వచ్చి తీసుకుపోవచ్చు, ఎవరికీ ఏమీ ఇవ్వనవసరం లేదు, ఇంతే. దశరథం డప్పును మంట దగ్గర కాచుకుంటూ ఒకసారి నసిగాడు.

"గడీకాడికెల్లి డప్పు కొట్టి రెండేండ్లయె సారూ. జనం ఏమనుకుంటరో."

మంచి మాటే కదా, కొట్టమన్నాడు పురుషోత్తం రావు.

మాట మంచిదే. కానీ దాన్ని వినడానికి ఎవరూ ఆగలేదు. నలభై ఏళ్లుగా గడీ వైపు నుంచి డప్పు మోగిందంటే దాని అర్థం ఒక్కటే. ఇంటికొక మనిషి వెట్టికి రావాలి, రాకపోతే ఇంట్లోది ఏదో ఒకటి పోవాలి. దొర మళ్లీ వచ్చాడన్నమాట. మొదటి దెబ్బకు మగవాళ్లు వరి మళ్లలోకి జారుకున్నారు. రెండో దెబ్బకు ఆడవాళ్లు కంచాలు, చెంబులు లోపలికి లాక్కొని తలుపులు బిగించుకున్నారు. దశరథం ఊరంతా తిరిగి, ఆ చక్కటి మాటలన్నీ కోళ్లకు వినిపించి వచ్చాడు.

గంటసేపు చూసి పురుషోత్తం రావే ఊళ్లోకి బయలుదేరాడు. వీధి పొడుగునా తలుపులు మూసి ఉన్నాయి. తట్టినా పలికినవాళ్లు లేరు. మొగిలవ్వ ఇంటి ముందుకు వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. మూసుకోవడానికి ఆమెకు ఏమీ లేదు. గాలికి తడక పక్కకు ఒరిగి ఉంది.

"తలుపు లేనోళ్లం గద దొరా, దొరికిపోయినం," అంది మొగిలవ్వ చేతులు కట్టుకొని. "ఏం పని జెయ్యాల్నో చెప్పుండ్రి."

పని ఏమీ లేదనీ, ఆమె తలుపు ఇవ్వడానికి వచ్చాననీ ఆయన చెప్పాడు. మొగిలవ్వ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. డెబ్బై ఏళ్ల వయసులో ఆమెకు దొరల సంగతి కొంత తెలుసు. ఎందుకిస్తున్నారని అడిగింది. నీదే కనుక అన్నాడు. నాదని ఇరవై రెండేళ్ల కింద కూడా తెలుసు కదా అంది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాడు. ఆ మాటతోనే ఆమెకు కొంచెం నమ్మకం కుదిరింది, పదండి చూద్దామని వెంట నడిచింది.

జప్తు కొట్టులో పదకొండు తలుపులున్నాయి. మొగిలవ్వ అన్నిటి అంచులూ వేలితో తడుముకుంటూ పోయి, ఏడో దాని దగ్గర ఆగిపోయింది. ఆ తలుపు అంచు పొడుగునా సన్నటి గాట్లున్నాయి. బుచ్చన్న పొద్దున్నే గీతకత్తి నూరి, పదును వచ్చిందో లేదో తలుపు అంచు మీద ఒక గాటు పెట్టి చూసుకునేవాడట. ఆ తర్వాతే చెట్లకు పోయేవాడు. ఆమె ఆ గాట్ల మీద అరచెయ్యి పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. పురుషోత్తం రావు కూడా ఏడ్చాడు. ఆ రోజు ఆయనకు దక్కిన సుఖం అదొక్కటే, కనుక దాన్ని ఇక్కడ చెప్పుకోవాలి.

తలుపు ఒక కొస ఆయన, ఒక కొస దశరథం పట్టుకొని వీధిలోకి వచ్చారు. వెనుక మొగిలవ్వ ఏడుస్తూ నడిచింది. మళ్లలో దాక్కున్నవాళ్లు తలలెత్తి చూశారు. దొర కొడుకు, తలుపు, వెనుక ఏడుస్తున్న ముసలమ్మ. తలుపు ఎటునుంచి ఎటు పోతోందో చూడాల్సిన అవసరం వాళ్లకు ఎన్నడూ రాలేదు. దొర, తలుపు కలిసి వీధిలో కనిపించాక అది పోయే దారి ఒక్కటే. ఒకడు పక్క ఊళ్లో ఉన్న సంఘం నాయకుడు రాజలింగం దగ్గరికి పరుగెత్తాడు. గడీవాళ్లు మళ్లీ తలుపులు పీక్కపోతున్నారని కబురు.

రాజలింగం ముప్పై మందితో కట్టెలు పట్టుకొని గడీ మీదికి వచ్చాడు. ముందుగా చూసినవాడు కావలి గంగయ్య. అతను వాళ్లు దేనికొచ్చారో కనుక్కోలేదు. గోడ దూకి, సైకిలెక్కి, రుద్రంగి పోస్టాఫీసుకు చేరి జగిత్యాలకు ఫోను చేశాడు. సంఘపోళ్లు గడీని లూటీ చేస్తున్నారనీ, పెద్దదొర పురుషోత్తం రావును ఏం చేశారో తెలియదనీ చెప్పాడు. పాపం, అతను అబద్ధమాడలేదు. నర్సింగ్ రావు ఠాణాకు చేసిన ఫోనులో ముప్పై మంది అరవై అయ్యారు. ఠాణా నుంచి సిరిసిల్లకు పోయిన వైర్‌లెస్ మాటలో కట్టెలు తుపాకులయ్యాయి.

అప్పటికి ఎర్రకుంటలో తుపాకీ లేదు. పురుషోత్తం రావు మొగిలవ్వ గడప దగ్గర గొంతుకు కూర్చొని, తలుపు కింది మొనను గడపలోని గుంటలో దింపుతున్నాడు. అది కుదరకపోతే సన్నటి చెక్క పచ్చరు ఒకటి తన చేతులతో చెక్కి, ఎత్తు సరిపోయేలా అడుగున వేశాడు. తలుపు చప్పుడు లేకుండా తిరిగింది. మొగిలవ్వ దాన్ని పదిసార్లు వేసి, పదిసార్లు తీసింది. తర్వాత పాత తడకను ముక్కలు చేసి పొయ్యిలో పెట్టి, ఆయనకు చాయ్ కాచింది. ఇక దానితో పనేముంది అంది.

గడీలో ఎవరూ కనిపించక, రాజలింగం మనుషులతో సహా మొగిలవ్వ ఇంటికి వచ్చి ఆ దృశ్యం చూసి ఆగిపోయాడు. కట్టెలు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తోచలేదు. ఏం జరుగుతోందని అడిగాడు. పురుషోత్తం రావు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎవరు ఇవ్వమన్నారని అడిగాడు. ఎవరూ అనలేదన్నాడు. రాజలింగం మొహం చిన్నబోయింది.

"వచ్చే నెల మీటింగు పెట్టి, ఆ కొట్టు పలగ్గొట్టి పంచుడున్నది సారూ. కరపత్రం గూడ రాసి పెట్టినం. మేం గుంజుకునుడు ఉండంగ మీరే ఇస్తె ఎట్ల?"

తెలియక చేశానని పురుషోత్తం రావు నిజంగానే బాధపడి క్షమించమన్నాడు. రాజలింగం కాసేపు ఆలోచించాడు. సంఘం ఒత్తిడి వల్లే దొర దిగివచ్చాడని అనుకోవచ్చు కదా అని పక్కవాడు చెవిలో చెప్పాక అతనికి కొంత ఊరట కలిగింది. సరే పంచండి, మేముంటాం అన్నాడు.

ఆ మాట వినగానే మళ్లు ఖాళీ అయ్యాయి, తలుపులు తెరుచుకున్నాయి. ఊరు ఊరంతా గడీ మీదికి కదిలింది. పురుషోత్తం రావు జప్తు కొట్టు ముందు నిలబడ్డాడు. గౌరవ్వ, లచ్చవ్వ ఒకే గంగాళం చెరో చెవి పట్టుకొని నాదంటే నాదన్నారు. గొడవలు రాకుండా ఆయన ఒక ఉపాయం చేశాడు. మాస్టరు జేబులో సుద్దముక్క లేకుండా ఉండదు. ఎవరిదని తేలితే వాళ్ల పేరు ఆ వస్తువు మీద తెల్లగా, గుండ్రటి అక్షరాలతో రాసి ఇవ్వసాగాడు. వెనక్కి నడిచి మొగిలవ్వ తలుపు లోపలి వైపున కూడా ఆమె పేరు రాసి వచ్చాడు. ఎవరికీ అనుమానం ఉండకూడదని ఆయన తాపత్రయం.

నిజంగా పోగొట్టుకున్నవాళ్లు తమది తాము గుర్తుపట్టి, పేరు రాయించుకొని, దండం పెట్టి పోయారు. ఏమీ పోగొట్టుకోనివాళ్లు అంతసేపు ఆగలేదు. వాళ్లు వెనుక వాకిలి నుంచి లోపలికి పోయి, ఆవకాయ జాడీలు, పందిరిమంచం, అనంత్ రావు పటం చట్రం పట్టుకుపోయారు. పటంలోని అనంత్ రావును మాత్రం గోడకు ఆనించి పోయారు. గౌరవ్వ గంగాళం లచ్చవ్వకు వదిలేసి, గడీవాళ్ల సొంత ఇత్తడి బిందెలు రెండు చంకన పెట్టుకొని వస్తూ ఆయనకే ఎదురైంది. ఇవి కూడా మావేనేమో దొరా అంది. ఆయన ఆలోచించి, నాయన దేన్ని డబ్బిచ్చి కొన్నాడో నాకు తెలియదు, తీసుకుపొమ్మన్నాడు. వాటి మీద పేరు రాయబోతే ఆమె అక్కర్లేదంది.

రెండు గంటలకు పోలీసు జీపు, దాని వెనుక వ్యాను వచ్చాయి. అప్పటికి కొట్టు ఖాళీ. రాజలింగం, ఇంకో ఎనిమిది మంది గడీ అరుగు మీద కూర్చొని కట్టెలు పక్కన పెట్టుకొని బీడీలు తాగుతున్నారు. ఎస్సై దిగీ దిగగానే వాళ్లను వ్యానెక్కించాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, ఈ ప్రాంతానికి కొత్త. బతికున్న పురుషోత్తం రావును చూసి మొదట సంతోషించాడు, తర్వాత అడగడం మొదలుపెట్టాడు.

"మాస్టారూ, మిమ్మల్ని బెదిరించింది ఎవరు?"

"ఎవ్వరు బెదిరియ్యలే. నేనే ఇచ్చిన."

ఎస్సై ఆ జవాబు రాసుకోలేదు. తుపాకులతో లూటీ అని ఆయన సిరిసిల్లకు చెప్పి ఉన్నాడు. అక్కడి నుంచి ఇంకో రెండు వ్యాన్లు బయలుదేరి ఉన్నాయి. తీరా వచ్చాక లెక్కల మాస్టరు తలుపు ఇచ్చాడని చెబితే ఆయన ఉద్యోగమేం కావాలి? భయంతో అలా అంటున్నారు కదూ అని మెత్తగా అడిగాడు. భయం లేదన్నాడు పురుషోత్తం రావు. అయితే మీకూ సంఘానికీ సంబంధముందా అని గట్టిగా అడిగాడు. లేదన్నాడు. దొర ఆస్తిని ఊరికి ఊరికే ఇచ్చే మనిషిని పెట్టడానికి ఎస్సై రిజిస్టరులో మూడో గడి లేదు.

అంతలో జగిత్యాల నుంచి నర్సింగ్ రావు జీపు దిగాడు. ఖాళీ కొట్టు చూశాడు, గోడకు ఆనించి ఉన్న తండ్రిని చూశాడు. అన్నను పక్కకు తీసుకుపోయి చెవిలో చెప్పాడు.

"సంఘపోళ్లు కట్టెలు చూపిచ్చి గుంజుకున్నరని చెప్పు. ఒక్క మాట, అన్నా. నువ్వు ఇంటికి పోతవు, వాళ్లు జైలుకు పోతరు."

"వాళ్లు గుంజుకోలే కదా," అన్నాడు పురుషోత్తం రావు.

నర్సింగ్ రావు నిట్టూర్చి ఎస్సై దగ్గరికి వెళ్లాడు. ఆ తర్వాత ఎస్సై అడిగినవి రెండే ప్రశ్నలు. గడీలో మీ తమ్ముడికి వాటా ఉందా? ఉందన్నాడు పురుషోత్తం రావు. ఇచ్చేముందు ఆయన సమ్మతి తీసుకున్నారా? తీసుకోలేదన్నాడు. నిజమే కదా మరి. ఎస్సై కలం మూత తీశాడు. ఉమ్మడి సొత్తును వాటాదారుకు తెలియకుండా సంఘంతో కలిసి తరలించిన కేసు అది. మొదటి ముద్దాయి పురుషోత్తం రావు. ఉన్నమాట చెప్పినందుకు ఆ రోజు జరిగిన సన్మానం అంతే.

తరలించిన సొత్తు ఎవరి దగ్గరుందని ఎస్సై అడిగితే ఆయన నోరు విప్పలేదు. విప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. పోలీసులు మొదటి ఇంట్లోకి పోగానే గంగాళం మీద 'లచ్చవ్వ' అని గుండ్రటి అక్షరాలు కనిపించాయి. రెండో ఇంట్లో బండి చక్రం మీద ఇంకో పేరు. మాస్టరు చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. అక్షరం కూడబలుక్కొని చదివే కానిస్టేబుళ్లు కూడా తడబడలేదు. పేరు రాసి ఉన్న వస్తువల్లా వ్యానెక్కింది. పేరు రాయించుకోని గౌరవ్వ బిందెలు, జాడీలు, పందిరిమంచం ఎవరి ఇంట్లో వాళ్ల సొంత సామానులా నిలిచిపోయాయి. గడీలో పోయాయని నర్సింగ్ రావు చెప్పిన లెక్కకు దొరికినవి చాలకపోతే, పేర్లున్న ఇళ్లలోనే ఇంకో చెంబు, ఇంకో కంచం కలిపి సరిపెట్టారు.

చివరగా మొగిలవ్వ ఇల్లు. ఆమె తలుపు వేసుకొని లోపల గొళ్లెం పెట్టుకుంది. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ తలుపు చేసిన మొదటి పని అది. ఇద్దరు కానిస్టేబుళ్లు పలుగుతో ఎత్తి ఊడదీశారు. లోపలి వైపు పేరుంది. పురుషోత్తం రావు అడ్డం పోయి, ఇది నా పాపం, దీన్ని వదిలేయండని ఎస్సైని బతిమాలాడు. ఎస్సై దాన్ని కూడా రాసుకున్నాడు. నేరం ఒప్పుకోలు కింద.

మొగిలవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. పొయ్యిలో తడక బూడిద ఇంకా వెచ్చగా ఉంది.

"మీ నాయిన ఎత్కపోయిండు, గంతే," అంది ఆమె, గొంతు పెంచకుండా. "మీరు ఇచ్చి మరీ ఎత్కపోయిండ్రు దొరా."

ఆ సాయంత్రానికి జప్తు కొట్టు నిండింది. అనంత్ రావు నలభై ఏళ్లలో నింపిన దానికంటే రెండు చెంబులు ఎక్కువే ఉన్నాయి. ఎస్సై దానికి సీలు వేయించాడు.

పురుషోత్తం రావు మూడు రోజులు ఠాణాలో ఉండి జామీను మీద ఇంటికి వచ్చాడు. వారానికోసారి రుద్రంగి ఠాణాకు పోయి సంతకం చేయాలి. స్కూలువాళ్లు ఉద్యోగం నుంచి తాత్కాలికంగా తప్పించారు. రాజలింగం, అతని మనుషులు జగిత్యాల సబ్‌జైల్లో పడ్డారు. ఎర్రకుంటలో మాత్రం ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు. మాస్టరు ప్రతిదాని మీదా అంత ఓపికగా పేర్లు ఎందుకు రాశాడో పోలీసులు రాగానే అర్థమైపోయింది. డప్పు కొట్టి పిలిచాడు, పేర్లు రాశాడు, పట్టించాడు. ముసలి దొర ఇంత తెలివిగా ఎన్నడూ చేయలేదని ఊరు అబ్బురపడింది. పురుషోత్తం రావు ఎర్రకుంట పొలిమేర తొక్కకూడదని సంఘం గోడ మీద రాసింది. దొరలకు చెడ్డపేరు తెచ్చాడని చుట్టాలు పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. అంతమంది అన్ని విషయాల్లో తగువులాడే రోజుల్లో, ఈ ఒక్క మనిషి విషయంలో అందరూ ఒక్కమాట మీద ఉన్నారు.

లీల ఖాళీ గుడ్డసంచి ఉతికి మేకుకు తగిలించింది.

రెండు నెలలకు కోర్టు సామాన్లను ఫిర్యాదుదారుకు అప్పగించమంది. నర్సింగ్ రావు సిరిసిల్ల బేరం మానుకున్నాడు. ఊళ్లోనే అరుగు మీద కూర్చొని, ఎవరిది వాళ్లకే సగం ధరకు అమ్మాడు. జనం అప్పో సప్పో చేసి వచ్చి కొనుక్కున్నారు. వస్తువు చేతికి రాగానే ముందు దాని మీద పేరు లేకుండా బాగా తుడిచారు. డబ్బిచ్చి కొన్నది కనుక ఇక ఎవరూ రారని వాళ్లకు ధైర్యం. చిన్నదొర మనసు మంచిదనీ, మోసం తెలియదనీ ఊళ్లో అనుకున్నారు. పంచాయతీ ఎన్నికలు పెడితే ఆయన నిలబడాలని కూడా ఒకరిద్దరు అన్నారు.

మొగిలవ్వ దగ్గర సగం ధర లేదు, పావు ధరా లేదు. తడక కూడా లేని గుమ్మానికి పాత చీర కట్టుకుంది. ఆ సంగతి విని పురుషోత్తం రావు జగిత్యాల పోయి, ఆ ఒక్క తలుపు ఇమ్మని తమ్ముణ్ని అడిగాడు. నర్సింగ్ రావు కాగితాలు సిద్ధంగా పెట్టుకొనే ఉన్నాడు. గడీలోనూ, దాని కింది భూమిలోనూ అన్న తన వాటా వదులుకుంటే, కేసు రాజీ చేసుకొని అందరినీ విడిపిస్తాడు, తలుపూ పంపిస్తాడు. పురుషోత్తం రావు చదివి సంతకం పెట్టాడు. ముప్పై ఎకరాలకు ఒక్క తలుపు. ఆయన లెక్కల మాస్టరని మరోసారి గుర్తుచేయాల్సి వస్తోంది.

సంతకం ఆరాక నర్సింగ్ రావు ఒక మాట అన్నాడు.

"నువ్వు పంపిచ్చినవంటె ఆమె ముట్టది అన్నా. నేను ఇచ్చిన్నని చెప్త. నువ్వు ఊకో."

పురుషోత్తం రావు ఊరుకున్నాడు. లీల రాదన్న పని ఆయన ఆ రోజు నేర్చుకున్నాడు.

కేసు రాజీ అయ్యాక ఆఖరి సంతకం కోసం ఆయన రుద్రంగి పోయాడు. అక్కడి నుంచి ఎర్రకుంట ఎంతో దూరం లేదు. గోడ మీది రాత ఇంకా చెరగలేదు, అయినా నడిచాడు. తలుపు కుదిరిందో లేదో ఒక్కసారి చూసి రావాలని ఆయనకు ఆశ. లోపల ఎక్కడో, ఆమె పలకరిస్తుందన్న ఆశ కూడా ఉంది. లేదని చెబితే ఆయన గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. వీధిలో ఈసారి ఎవరూ పారిపోలేదు. అరుగుల మీద కూర్చొనే మొహాలు తిప్పుకున్నారు.

మొగిలవ్వ గుమ్మం ముందు బియ్యం చెరుగుతోంది. ఆయనను దూరం నుంచే చూసింది. చాట ఎత్తుకొని లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు వీధిదాకా వినిపించింది.

"చిన్నదొర ఇచ్చిన తలుపు ఇది," అంది లోపలి నుంచి. "మీరు ముట్టకుండ్రి."

ఆయన ముట్టలేదు. వంగి గడప వైపు చూశాడు. తాను చెక్కిన పచ్చరు గుంటలోనే ఉంది, తలుపు ఎక్కడా ఈడ్చుకోకుండా చక్కగా మూసుకుంది, అంచు మీద గాట్లు ద్వారబంధానికి ఆని సరిగ్గా కూర్చున్నాయి.

పని బాగానే కుదిరిందని చూసుకొని, పురుషోత్తం రావు రుద్రంగిలో నల్ల వంకాయలు కొనుక్కొని కోరుట్ల బస్సెక్కాడు.